ఓడ రిపేరుకు కొలంబో పోవాల్సిందేనా?

తిరుచానూరు వాసి:
మా తమ్ముడు సరుకు ఓడలో పనిచేస్తాడు. కంపెనీ మనదే, ఓడ మీద జెండా మనదే. అయినా ఈసారి డ్రైడాక్‌కు, అంటే ఓడను నీళ్ళు లేని చోట నిలబెట్టి అడుగు భాగం బాగు చేయించడానికి, కొలంబో పోతున్నారు. విశాఖలో 1941లో మొదలైన షిప్‌యార్డు ఉంది, కొచ్చిలో ఉంది. మన ఓడలు ఇక్కడే బాగు చేయించాలని చట్టం తేకూడదా?

సెకండ్ ఇంజనీర్, కాళహస్తి:
చట్టంతో అయ్యే పని కాదన్నా. ఐదేళ్ళలో రెండుసార్లు ఓడ అడుగు తనిఖీ చేయించాలి, మధ్యలో 36 నెలలు దాటకూడదు. డాక్‌లో ఉన్నన్నాళ్ళూ కిరాయి రాదు, జీతాలూ బ్యాంకు వడ్డీ ఆగవు. అందుకే ఓనరు రేటు కంటే ముందు ‘ఎన్ని రోజులు’ అని అడుగుతాడు. మన యార్డు ఒకదాంట్లో పదహారు రోజులన్న పని ముప్పైనాలుగు పట్టింది. వెల్డర్లు బంగారం లాంటి పనివాళ్ళు, వాళ్ళ తప్పేం లేదు. బయటి నుంచి తెప్పించిన ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు అనే విడిభాగం కస్టమ్స్‌లో ఇరుక్కుంది. రోజూ పోయి అడగడం, ‘రేపు’ అనిపించుకుని రావడం. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. సింధుకీర్తి జలాంతర్గామి సంగతి చూడండి, 2006లో విశాఖ యార్డుకు చేరితే 2015లో బయటికొచ్చింది.

పుత్తూరు నుంచి:
తొమ్మిదేళ్ళ మాట నిజమే. కానీ ఆ యార్డే తర్వాత సింధువీర్ జలాంతర్గామినీ బాగు చేసింది, 2020లో దాన్ని మయన్మార్‌కు ఇచ్చాం. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి రాకముందు గుండె ఆపరేషనంటే వేలూరో మద్రాసో పరిగెత్తేవాళ్ళం. కేసులు ఇక్కడికి వచ్చాకే కదా ఇక్కడి డాక్టర్ల చెయ్యి తిరిగింది! తడ దాటి కొంచెం పోతే వచ్చే కాట్టుపల్లి యార్డుకు 2022లో అమెరికా నేవీ ఓడే రిపేరుకొచ్చింది.

తిరుచానూరు వాసి:
ఓడ రిపేరు మీద జీఎస్టీ కూడా 2021లో 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. ఇంకా ఏం అడ్డం?

సెకండ్ ఇంజనీర్, కాళహస్తి:
పుత్తూరు అన్న మాట ఒప్పుకుంటా. నేవీ, కోస్ట్‌గార్డ్ ఓడలు ఆలస్యమైనా ఇక్కడే చేయించాలి, చెయ్యి తిరిగేది అక్కడే. సరుకు ఓడల ఓనరును మాత్రం బలవంతపెట్టొద్దు. యార్డు గోడ లోపలే విడిభాగాల గోదాము, అక్కడే కస్టమ్స్ ఆఫీసరు, చెప్పిన రోజు దాటితే యార్డే జరిమానా కట్టేలా ఒప్పందం. ఈ మూడూ ఉంటే మా కెప్టెన్లే విశాఖ పోదామంటారు. మీ తమ్ముడిని ఒకటి అడగండన్నా: కొలంబోలో ఎన్ని రోజులన్నారు, చివరికి ఎన్ని పట్టాయి? తెలిశాక ఇక్కడే రాయండి.