రెండు శ్రీకాకుళాలు: మీ ఊరి పేరుతో ఇంకో ఊరుందా?

కృష్ణఒడ్డు: మాది కృష్ణా జిల్లా ఘంటసాల మండలం శ్రీకాకుళం. అమ్మకి మోకాలి బెల్టు ఆర్డర్ పెడితే అది ఉత్తరాంధ్ర శ్రీకాకుళం వెళ్లి, నాలుగు రోజులు అక్కడే ఉండి, వెనక్కి పోయింది. మీకూ ఇలా అయిందా? అడ్రస్ ఎలా రాస్తున్నారు? మా ఊరి పేరు చెబితే చాలు, అందరూ "ఓ, వైజాగ్ అవతలా?" అంటారు. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరండీ మాది. కళింగ దండయాత్రకి పోతూ కృష్ణదేవరాయలు ఆగింది, స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నది ఇక్కడే. ఆంధ్రుల తొలి రాజధాని కూడా మాదే.

నాగావళి_గట్టు: వైజాగ్ అవతల అయితే తప్పేంటి? మా బాధ వినండి. రైల్వే స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, దిగేది ఆమదాలవలసలో. రాత్రి రెండింటికి పిల్లల్ని ఎత్తుకుని, ఊళ్లోకి సుమారు 13 కిలోమీటర్లకి ఆటో బేరం. స్టేషన్ కోడ్ ఇప్పటికీ సీహెచ్ఈ, అంటే తెల్లవాళ్ల చికాకోల్.

శాసనాల_మాస్టారు: 30 ఏళ్లుగా శాసనాలు చదువుతున్నాను. తొలి రాజధాని అన్నది స్థలపురాణం మాట. శాతవాహనులకు ఆధారాలున్నవి గోదావరి మీద ప్రతిష్ఠానం, కృష్ణ మీద ధాన్యకటకం. మీ పక్కనున్న ఘంటసాల గురించి ఎందుకు చెప్పరు? శాసనాల్లో కంటకసెల అదే. పాతకాలపు గ్రీకు భూగోళ రచయిత టాలెమీ కూడా రాసిన రేవు, బౌద్ధ స్తూపం ఉన్న ఊరు.

కృష్ణఒడ్డు: అంటే మా తాతలు చెప్పింది అబద్ధమా? కాసుల పురుషోత్తమ కవి శతకం తీయండి. స్వామిని నిందిస్తూనే స్తుతించి, ప్రతి పద్యం చివర "శ్రీకాకుళాంధ్రదేవ" అన్నాడు. ఆంధ్రదేవుడని ఊరికే అంటారా?

శాసనాల_మాస్టారు: ఆయన శాతవాహనుల తర్వాత 1500 ఏళ్లకు పుట్టిన కవి. భక్తికి సాక్ష్యం అవుతాడు గానీ రాజధానికి ఎలా అవుతాడు? రాయి చూపించండి, ఒప్పుకుంటాను.

కృష్ణఒడ్డు: అన్నిటికీ రాయే కావాలా! ఊరు మీద అంత కోపం దేనికి?

పొందూరు_కోడలు: గొడవ పక్కన పెట్టండి. చికాకోల్ అనగానే నాకు గుర్తొచ్చేది మస్లిన్, అదే పల్చటి నూలు బట్ట. ఆ సన్నటి పనితనం ఇప్పటికీ మా పొందూరులో ఉంది. మా అత్తగారు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. ఆ సన్నటి పళ్లకి పత్తిలోని చెత్త పోయి, పోగులు చక్కగా సర్దుకుంటాయి, గింజ తీసేది ఆ తర్వాతే. మిషను పత్తితో అంత సన్నటి నూలు తీసి చూపించమనండి.

చార్మినార్_వాసి: మీది రెండు జిల్లాల తగువు, మాది రెండు దేశాలది. దుబాయ్‌లో హైదరాబాద్ అని చెప్తే "సింధా, ఇండియానా?" అని అడిగారు. వాళ్లది 1768లో గులాం షా కల్హోరో కట్టించింది. మనది 1591. పెద్దది మనదే.

నాగావళి_గట్టు: పెద్దా చిన్నా అంటే, మాది ఉత్తర సర్కారుల్లో (కోస్తాలో పాత పాలనా విభాగాలు) ఒక సర్కారుకే పేరిచ్చిన ఊరు. 1936 దాకా గంజాం జిల్లాలో ఉంది, తర్వాత విశాఖలో కలిపారు, 1950 ఆగస్టు 15న సొంత జిల్లా వచ్చింది. మా అవ్వ చివరిదాకా "మన గంజాం" అనే అనేది. ఊరు కదలకుండానే మూడు జిల్లాలు చూసింది ఆవిడ.

రిటైర్డ్_పోస్ట్‌మ్యాన్: అసలు ప్రశ్నకి ఒక్కరూ జవాబివ్వలేదు. కృష్ణా జిల్లా పిన్ 521తో, శ్రీకాకుళం జిల్లా పిన్ 532తో మొదలవుతాయి. ముందు పిన్, తర్వాత మండలం, జిల్లా. ఊరి పేరు ఒక్కటే రాస్తే బస్తా పెద్ద ఊరికే పోతుంది.

కృష్ణఒడ్డు: పిన్ సరిగ్గానే ఇచ్చాను బాబాయ్. మండలం, జిల్లా రాయలేదు. రేపు మళ్లీ పెడతాను. మాస్టారూ, ఏకాదశికి మా ఊరు రండి, భోజనం మా ఇంట్లోనే. రాజధాని మాట మాత్రం వెనక్కి తీసుకోను.