మూడు మానిటర్ల డెస్క్‌టాప్ నెమ్మదిస్తే గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందేనా?

వేలచ్చేరి ఖాతాలు:
నేను ఇంటి దగ్గరే చిన్న వ్యాపారుల జీఎస్‌టీ లెక్కలు చూస్తుంటాను. నా డెస్క్‌టాప్‌లో ఇంటెల్ ఐ5-8400 ప్రాసెసర్, ఒకే స్టిక్‌గా 8 జీబీ ర్యామ్, విండోస్‌తో సహా అన్నీ ఉన్న హార్డ్‌డిస్కు ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. రెండు ఫుల్ హెచ్‌డీ మానిటర్లతో పని సాఫీగానే సాగేది. ఈ మధ్య ఒక 4కె మానిటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించాక, ఆ తెర మీద మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతోంది. ఎక్సెల్ నుంచి ట్యాలీకి మారితే తెర తెల్లబడి కాసేపు అలాగే ఉండిపోతోంది. మూడో మానిటర్ తీసేస్తే మళ్లీ బాగుంటోంది. రిచ్చీ స్ట్రీట్‌లోని కంప్యూటర్ దుకాణంలో అడిగితే గ్రాఫిక్స్ కార్డు వేయించుకోమన్నారు. ఆ ఖర్చు నిజంగా అవసరమా?

అన్నానగర్ డీటీపీ:
దుకాణంవారు చెప్పింది సబబే. మానిటర్ తీస్తే బాగుంటోందని మీరే రాశారు కదా, ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ప్రాసెసర్‌లోని యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ఉన్న 8 జీబీలోనే వాటా తీసుకుంటుంది. కార్డు వేస్తే ఆ భారం తగ్గుతుంది. నెలనెలా 20వ తేదీలోపు జీఎస్‌టీ 3బీ రిటర్నులు వేయాల్సిన మనిషి పరీక్షలు చేస్తూ కూర్చుంటే పని ఎవరు చేస్తారు?

పెరంబూర్ సర్వీసింగ్:
అన్నానగర్ వారి తొందర నాకు అర్థమవుతుంది కానీ, ఆ రుజువును నేను ఒప్పుకోను. మూడో మానిటర్ తీసేటప్పుడు ఎవరైనా తీసేది మానిటర్‌ను ఒక్కదాన్నే కాదు. దాని మీద పరిచి ఉంచిన బ్రౌజర్‌ను, పీడీఎఫ్‌లను, వాట్సాప్‌ను కూడా మూసేస్తారు, లేదా కిందికి దించేస్తారు. అంటే రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. బాగుపడింది దేనివల్లో ఆ ఒక్క పరీక్షతో తేలదు. తేలాలంటే మానిటర్ తీసి, దాని మీదున్నవన్నీ మిగతా రెండింటి మీదికి జరిపి చూడాలి. ఆ తరువాత మానిటర్ తిరిగి పెట్టి, దాని మీద ఏమీ తెరవకుండా ఖాళీగా ఉంచి చూడాలి.

వేలచ్చేరి వారు చెప్పినవి నిజానికి రెండు వేర్వేరు జబ్బుల లక్షణాలు. మౌస్ ఈడ్చుకుపోవడం ఆ ఒక్క తెర మీదే ఉందంటే, నా అనుమానం ముందుగా కేబుల్ దారి మీదికి పోతుంది. ఆ తరం మదర్‌బోర్డులలో ఎక్కువవాటికి ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4. దానిలో 4కె చిత్రం సెకనుకు 30 సార్లకు మించి మారదు. మామూలు 60 హెర్ట్జ్ తెర మీద ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒక కొత్త చిత్రం వస్తే, ఇక్కడ 33 మిల్లీసెకన్లకు ఒకటి వస్తుంది. కంప్యూటర్ ఎంత చురుగ్గా ఉన్నా, పక్క తెర నుంచి బాణం ఇటు దాటగానే తేడా చేతికి తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి, ఆ మానిటర్‌ను ఎంచుకుంటే రిఫ్రెష్ రేట్, అంటే సెకనుకు చిత్రం ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకె, కనిపిస్తుంది. అక్కడ 30 ఉంటే ఈ సంగతి అక్కడితో తేలిపోయినట్టే. ఆ బోర్డు మీద డిస్‌ప్లేపోర్ట్ (మానిటర్ తగిలించే మరో రకం పోర్టు) ఉంటే, 4కె మానిటర్‌ను దానికి మార్చితే 60 వస్తుంది.

ఇక తెర తెల్లబడటం. విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ కొన్ని సెకన్లపాటు పలకకపోతే దాని విండో అలా పాలిపోతుంది. అది బొమ్మ గీయలేకపోవడం వల్ల అరుదుగా జరుగుతుంది, ఎక్కువసార్లు డిస్కు కోసమో మెమరీ కోసమో ఎదురుచూడటం వల్ల జరుగుతుంది. 8 జీబీ నిండిపోతే విండోస్ కొంత సరుకును హార్డ్‌డిస్కు మీది పేజ్‌ఫైల్‌లోకి తోస్తుంది. మీరు ట్యాలీకి మారగానే దాన్ని మళ్లీ వెనక్కి తేవాలి. తిరిగే పళ్లేలున్న డిస్కుకు అది చాలా నెమ్మదైన పని. టాస్క్ మేనేజర్‌లో పర్‌ఫార్మెన్స్ పేజీ తెరిచి ఉంచి, తెర తెల్లబడిన క్షణంలో డిస్కు యాక్టివ్ టైమ్ (డిస్కు పనిలో మునిగి ఉన్న శాతం) ఎంతుందో, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం ఎంతుందో చూడండి. నింపాదిగా ఉన్నప్పుడు చూసిన అంకెలతో ప్రయోజనం లేదు, ఆగిపోయిన క్షణంలోనే చూడాలి.

మూడు తెరల బరువు గురించి కూడా ఒక లెక్క చెబుతాను. 4కె తెర మీద 82,94,400 చుక్కలుంటాయి. చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక చిత్రం దాదాపు 33 ఎంబీ, సెకనుకు 60 అయితే 2 జీబీ. రెండు ఫుల్ హెచ్‌డీ తెరలు కలిసి మరో 1 జీబీ. డీడీఆర్4-2666 ర్యామ్ ఒక్క స్టిక్ అయినా సెకనుకు 21 జీబీ వరకు అందించగలదు. కాబట్టి తెరలకు చిత్రం పంపడం భారమే కానీ, ఎక్సెల్ ఆగిపోయేంత భారం కాదు.

తాంబరం:
మా ఆఫీసులో మూడో మానిటర్‌ను యూఎస్‌బీ అడాప్టర్ ద్వారా పెట్టారు. అక్కడ కూడా వీడియో ఆడితే అంతా బరువెక్కుతుంది. అదీ ఇదే కారణమా?

పెరంబూర్ సర్వీసింగ్:
కాదండీ. ఆ రకం అడాప్టర్లలో చాలావాటికి, ముఖ్యంగా డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్నవాటికి, చిత్రాన్ని కుదించి పంపే పని ప్రాసెసర్ మీదే పడుతుంది. మీకు కనిపించేది ఆ శ్రమ. అటువంటిచోట గ్రాఫిక్స్ కార్డు కొన్నా, మానిటర్‌ను ఆ అడాప్టర్ నుంచి తీసి కార్డుకు తగిలించకపోతే మార్పు ఉండదు.

అన్నానగర్ డీటీపీ:
మీరు చిత్రం పంపడాన్నే లెక్కపెట్టారు, గీయడాన్ని వదిలేశారు. ఒకే తెర ఉన్నప్పుడు ఎక్సెల్ వెనుక పూర్తిగా దాగిన క్రోమ్ విండో తనను తాను గీసుకోవడం మానేస్తుంది. దానికి ప్రత్యేకంగా ఒక తెర ఇస్తే అది ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది, అందులోని కదిలే ప్రకటన కూడా ఆగకుండా గీయబడుతూనే ఉంటుంది. కాబట్టి మానిటర్ల సంఖ్యకు, భారానికి సంబంధం లేదనడం సరికాదు. నా ఇన్‌డిజైన్ పేజీలు 4కె తెర మీద జరపడానికి యూహెచ్‌డీ 630 చాలలేదు, కార్డు పెట్టాకే చేయి ఆడింది.

పెరంబూర్ సర్వీసింగ్:
క్రోమ్ విషయంలో మీ మాట నిజం, దాన్ని నేను కాదనను. మీ పేజీల పనికి కార్డు అవసరమైందన్నదీ నమ్ముతాను. కానీ లెక్కల పనికి అదే మందు రాయడం దగ్గరే నా అభ్యంతరం. పైగా ఏ కార్డు? చవకలో దొరుకుతుందని జీటీ 710 తెచ్చుకుంటే, దాని హెచ్‌డీఎంఐ కూడా 1.4 తరగతిదే, 4కె మళ్లీ 30 దగ్గరే ఆగుతుంది. జీటీ 1030 అయితే 60 ఇస్తుంది కానీ, దానికి సాధారణంగా రెండే పోర్టులుంటాయి. మూడో మానిటర్ మళ్లీ మదర్‌బోర్డుకే పోతుంది. అప్పుడు రెండు గ్రాఫిక్స్ చిప్‌ల మధ్య చిత్రాన్ని కాపీ చేయాల్సిన తద్దినం కొత్తగా వచ్చిపడుతుంది. డబ్బు పెట్టినవారు మరుసటి వారం అదే ఫిర్యాదుతో తిరిగి రావడం చూస్తే బాధగా ఉంటుంది, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

వేలచ్చేరి ఖాతాలు:
ఇద్దరూ చెప్పినవి చూశాను. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 30 అనే ఉంది. కేబుల్‌ను డిస్‌ప్లేపోర్ట్‌కు మార్చి 60 ఎంచుకోగానే మౌస్ ఇబ్బంది పూర్తిగా పోయింది. తరువాత 4కె మానిటర్ తీసేసి, అన్ని విండోలూ మిగతా రెండింటి మీద పరిచాను. ట్యాలీకి మారితే తెర మునుపటిలాగే తెల్లబడింది. ఆ సమయంలో డిస్కు 100 శాతం దగ్గర నిలబడి ఉంది, మెమరీ నిండుగా ఉంది, జీపీయూ గీత సగం కూడా దాటలేదు. ఇప్పుడు ముందుగా ర్యామ్ కొనాలా, హార్డ్‌డిస్కు బదులు తిరిగే పళ్లేలు లేని ఎస్‌ఎస్‌డీ కొనాలా?

అన్నానగర్ డీటీపీ:
ఈ అంకెలు చూశాక, ఈ యంత్రానికి కార్డు అక్కరలేదన్నది ఒప్పుకోవాల్సిందే. ఎస్‌ఎస్‌డీ ముందు వేయించండి. పేజ్‌ఫైల్ దాని మీదికి పోతే ర్యామ్ కొరత కూడా అంతగా తెలియదు, విండోస్ తెరుచుకోవడం దగ్గర నుంచి అన్నీ మెరుగవుతాయి.

పెరంబూర్ సర్వీసింగ్:
రెండూ కావలసినవే కానీ, నేనైతే ముందు ర్యామ్ అంటాను. అసలు కొరత అక్కడ ఉంది, డిస్కు ఆ కొరతను మోస్తోంది. పైగా విండోస్‌ను ఎస్‌ఎస్‌డీకి మార్చాలంటే ఒక పూట పోతుంది, బ్యాకప్ తీయకుండా ఆ పని చేయకూడదు. 20వ తేదీ దాటాక పెట్టుకోండి. ర్యామ్ అయితే పది నిమిషాల పని. ఇప్పుడున్న స్టిక్ మీద రాసి ఉన్న వేగంతోనే మరో 8 జీబీ తీసుకోండి. బోర్డు మీద నాలుగు స్లాట్లుంటే, సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ జత అవుతాయి, ఏ జతో బోర్డుతో వచ్చిన పుస్తకంలో చూసుకోండి. ఆ నాలుగింటిలో పక్కపక్క స్లాట్లలో పెట్టేస్తే రెండూ ఒకే చానల్‌లో, అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఒకే దారిలో పడి, గ్రాఫిక్స్‌కు రావలసిన వేగం రాకపోవచ్చు. పెట్టాక సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి మెమరీ పేజీలో చానల్ దగ్గర డ్యూయల్ అని (కొత్త వెర్షన్లలో 2 x 64-bit అని) ఉందో లేదో చూసి, ఇక్కడ రాయండి.