పాత చీరల సంచులతో పేద ఇళ్లకు ఆదాయం వస్తుందా?

హనుమకొండ టీచరు: మా కాలనీలో 12 మంది మహిళలకు పాత చీరలతో సంచులు కుట్టడం నేర్పాను. ‘రీసైక్లింగ్ చేతిపనులు’ అని బ్యానరు కట్టి సంతలో అమ్ముతున్నాము. 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను 2022 డిసెంబరు 31 నుంచే నిషేధించారు కదా, గుడ్డ సంచికి గిరాకీ ఉండాలి. కానీ నెలకు 60 మాత్రమే పోతున్నాయి. ఇంకా ఎక్కడ అమ్మవచ్చు?

చెత్తబుట్ట: ఇది రీసైక్లింగ్ కాదు, పునర్వినియోగం. పాత గుడ్డను దారంగా మార్చి మళ్లీ నేస్తే అది రీసైక్లింగ్. బ్యానరు మార్చండి.

కొత్తవాడ మగ్గం: సంచికి కుట్టినామెకు ఎంత ఇస్తున్నారు?

హనుమకొండ టీచరు: అమ్మేది 40కి, ఆమెకు 15. మిగతాది దారం, జిప్పు, ఆటో, బల్ల అద్దె. నేను ఒక్క రూపాయి తీసుకోను.

కొత్తవాడ మగ్గం: 60 సంచులు, 12 మంది. మనిషికి నెలకు 75 రూపాయలు. దీన్ని ఆదాయం అంటున్నారా? మేము నేసే వరంగల్ దర్రీలకు, అంటే నూలు తివాచీలకు, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) వచ్చినప్పుడు మేమూ సంబరపడ్డాము. ఆ కాగితం చూసి నాకు ఎవరూ కూలి పెంచలేదు. ప్రదర్శనకని నా దర్రీలు తీసుకెళ్లినవారు ఇప్పటికీ డబ్బు ఇవ్వలేదు.

పోచమ్మ మైదాన్ దుకాణం: నా దగ్గర 40 పెట్టి సంచి కొనరు. 10కి ఇస్తే తీసుకుంటారు.

చెత్తబుట్ట: కొత్త జిప్పు వేశాక పునర్వినియోగం అనడం కూడా కష్టమే. బ్యానరు సంగతి ఏం చేశారు?

హనుమకొండ టీచరు: మగ్గం గారూ, మీకు రావలసిన బాకీకి నేను బాధ్యురాలినా? ఇంట్లో ఊరికే కూర్చునే బదులు నాలుగు రూపాయలు చూసుకుంటున్నారు. అది తప్పా?

కొత్తవాడ మగ్గం: ఊరికే కూర్చునే ఆడమనిషి ఏ పేద ఇంట్లో ఉందో చూపించండి! మా అమ్మ 40 ఏళ్లు కండెలు చుట్టింది. కూలి నాన్న పేరున వచ్చేది. ఆమె పొద్దుకు విలువ కట్టాలని ఎవరికీ తోచలేదు, అందరూ మీరన్న మాటే అనుకున్నారు. నా తగవు మీ సంచితో కాదు, ఆ మాటతో.

హనుమకొండ టీచరు: ఆ మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కూలి పెంచడానికి ధర 70 చేస్తే ఆ 60 సంచులు కూడా పోవు. మరి నన్ను ఏం చేయమంటారు?

కుట్టుమిషను: ఆ 12 మందిలో నేను ఒకదాన్ని. మేడమ్‌ను ఏమీ అనకండి, ఆమె వల్లే మిషను మీద చెయ్యి తిరిగింది. మా వీధిలో జాకెట్టు కుడితే 150 ఇస్తామంటున్నారు, నాకు కటింగ్ రాదు. మేడమ్, సంచులు కొన్నాళ్లు ఆపి అది నేర్పండి.