అప్‌డేట్: కొత్త వంద నోటును వెనక్కి తోసే గేమ్ మెషీన్లు దారికొచ్చాయి

కడపలో మా గేమ్స్ షాపులోని రెండు పాత కారు రేసు మెషీన్లు పాత వంద నోటు తీసుకుంటూ, ఊదా రంగు కొత్త వందను మాత్రం తోసేస్తున్నాయని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

సెన్సార్లు తుడిచాను, బెల్టులు మార్చాను, 12 వోల్టుల సరఫరా కొలిపించాను. కారణం అవేవీ కాదు. బెల్టుల ఖర్చు దండగ. "లోపలి ప్రోగ్రామ్ ఏ సంవత్సరానిదో చూడండి" అన్న సలహాయే పనికొచ్చింది. మెకానిక్ చూస్తే అది 2016 నాటిది. ఊదా వంద వచ్చింది 2018లో. పుట్టని నోటును అది ఎలా గుర్తుపడుతుంది?

కొత్త ప్రోగ్రామ్ ఎక్కించాక కూడా కొన్ని నోట్లు తిరిగొచ్చేవి. పాత వంద వెడల్పు 73 మిల్లీమీటర్లు, కొత్తది 66. ఆ ఖాళీలో నోటు వంకరగా దూరుతోంది. నోటు పెట్టే చోట ఇరుకైన గైడు బిగించాక సరిపోయింది.

రెండో మెషీన్‌కు కొత్త ప్రోగ్రామే దొరకలేదు, నోటు తీసుకునే యూనిట్ మొత్తం మార్చాం. మారిస్తే నోటుకు ఎన్ని పల్సులు (ఎన్ని ఆటలివ్వాలో మెషీన్‌కు చెప్పే విద్యుత్ సంకేతాలు) పంపాలో యూనిట్ మీది చిన్న స్విచ్చులతో పాత లెక్కకే పెట్టుకోండి. నేను మరిచిపోయాను. వందకు పది ఆటలు రావలసింది ఒక్కటే వచ్చింది, పిల్లలు ఊరుకోలేదు.