నవగుంజరాన్ని కథలో నడిపించడం ఎలా?

చిత్తుప్రతి:
డ్రాగన్లు, జాంబీలు వద్దనుకుని ఫాంటసీ నవలకి ఒడియా మహాభారతంలోని నవగుంజరాన్ని ఎంచుకున్నానండీ. కోడిపుంజు తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. ఏనుగు, పులి, గుర్రం కాళ్లు ఒక్కోటి. నాలుగో కాలి చోట మనిషి చెయ్యి. ఇది పటంలో బొమ్మలా కాకుండా ప్రాణమున్న జంతువులా అనిపించాలంటే ఏం చెయ్యాలి?

ఎముకలగూడు:
ముందు కొలతలు తేల్చుకోండి. ఆసియా ఏనుగు ముందుపాదం చుట్టుకొలతకి దాదాపు రెండింతలుంటుంది దాని భుజం ఎత్తు. మీ జంతువు ఎత్తు 120 సెంటీమీటర్లనుకుంటే పాదం చుట్టుకొలత 60, అడ్డంగా 19. అంటే గున్నఏనుగు కాలన్నమాట. పెద్ద ఏనుగు కాలు పెడితే పులి కాలు నేలకి అందదు. ఏనుగు గెంతలేదు కాబట్టి దూకడాలు కొట్టేయండి.

ఇక తిండి. కోడిముక్కుతో నమలడం కుదరదు, కందనకాయ ఉండాల్సిందే, అందులో తిండి నలగడానికి రాళ్లూ కావాలి. వాగు ఒడ్డున గులకరాళ్లు ఏరి మింగుతుంటే చూపించండి, ప్రాణం అక్కడే వస్తుంది. తోకకి పడగ ఉంటే దానికో బుర్ర ఉన్నట్టే. రెండు బుర్రల్లో ఎవరి మాట చెల్లుతుందో ముందే అనుకోండి.

అడవిజాడ:
ఒడియా మహాభారతం రాసిన 15వ శతాబ్దపు సారళాదాసు కథలో అర్జునుడు బాణం ఎక్కుపెట్టి, ఆ మనిషి చెయ్యి చూశాకే విల్లు దించుతాడు. అంత బలమైన చేతిని మొదటి అధ్యాయంలోనే చూపించేయకండి. యుద్ధాల ఫాంటసీ కన్నా అడవిలో సాగే పరిశోధన కథ దీనికి బాగా నప్పుతుంది.

నల్లమలలో పెట్టండి. అక్కడ పులులున్నాయి, ఏనుగుల మందలు లేవు. బురదలో పులి అడుగు పక్కనే గుండ్రటి ఏనుగు అడుగు కనిపిస్తే జాడలు తెలిసిన చెంచు అక్కడే ఆగిపోతాడు. పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. జాడలో గోళ్లు పడ్డాయని రాస్తే అది దుమ్ములగొండిది అయిపోతుంది. మూడు రకాల జాడలు, రకానికి ఒక్క కాలే. నాలుగోది ఎంత వెతికినా దొరకదు, చెయ్యి నేలకి ఆనదు గనక.

చిత్తుప్రతి:
ఒడియా కథ తెలిసినవాళ్లు జాడల దగ్గరే కనిపెట్టేస్తారేమో?

అడవిజాడ:
కనిపెట్టనివ్వండి. అసలు ఎందుకొచ్చిందన్నది వాళ్లనీ చదివిస్తుంది. తెలియనివాళ్ల కోసం చెరువులో ఒక ఆనవాలు వదలండి. మేతకి దిగిన జంతువు ఆకుల్నీ కాడల్నీ కలిపి పీకేస్తుంది. ఇక్కడ ఆకులేవీ చెదరకుండా ఒక్క తామరపువ్వు మాత్రం తుంచి ఉండాలి.