స్క్రూ తలల మీద మూత పెట్టాలా, బయటికే వదలాలా? (దర్వాజ, గేటు, రేకుల షెడ్డు)

పానగల్లు పోరడు:
నల్లగొండలో ఇల్లు కడుతున్నాం, చెక్క పని చివరికొచ్చింది, ఇప్పుడు ఇంట్లో పంచాయితీ అంతా స్క్రూల మీదే. టేకు మెయిన్ డోర్‌కు ఇత్తడి పట్టీలు, వంటింట్లో ప్లైవుడ్ అల్మారాలు, ముందు ఇనుప గేటుకు డిజైన్ ప్లేట్లు, మేడ మీద రేకుల షెడ్డు, ఎక్కడ చూసినా స్క్రూ తలలే కనిపిస్తున్నాయి. మా వడ్లాయన తలుపుకు చెక్క బిళ్లలు కొట్టి రంధా పడతానంటాడు. మా బావమరిది దగ్గర త్రీడీ ప్రింటర్ ఉంది, పద్మం ఆకారంలో మూతలు చేసిస్తానని డిజైన్ కూడా పంపాడు. మా నాయనేమో “పాత దర్వాజలకు మేకుల తలలే అందం, దాచుడెందుకు” అంటాడు. నా మట్టుకు నాకు మూత అనేది సోకే తప్ప రక్షణ కాదనిపిస్తుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి. ఊరికే “బాగుంటది అన్నా” అని పోవద్దు.

పాలమూరు ప్రింటర్:
మీ బావమరిది వైపే నేను. సోకు అని కొట్టిపారేయకండి. స్క్రూ తలలో ప్లస్ గాడి ఉంటుంది కదా, జంగు మొదలయ్యేదే అక్కడ. ఎందుకంటే బిగించేటప్పుడు డ్రైవర్ బిట్ లోపలి జింకు పూతను గీకేస్తుంది, పైగా దుమ్ము, నీళ్లు నిలిచేదీ ఆ గుంతలోనే. దాని మీద మూత పెడితే రక్షణ ఎందుకు కాదు?

డిజైన్ మాత్రం సరిగ్గా ఉండాలి. బయట దొరికే నొక్కుడు మూతలు గాడిలో దూరి నిలబడతాయి, ఆర్నెల్లకు వదులై రాలిపోతాయి. నేను చేసేది రెండు ముక్కలు. కింద ఒక రింగు, అది వాషర్‌లాగా స్క్రూ తల కిందనే బిగుసుకుంటుంది. పైన గుమ్మటం మూత, అది రింగు అంచును పట్టుకుని టక్కున కూర్చుంటుంది. గోడ మందం 1.2 మి.మీ., పట్టు కోసం అంచు లోపల 0.3 మి.మీ. గట్టు, చాలు. 4 మి.మీ. ప్లైవుడ్ స్క్రూకు తల దాదాపు 8 మి.మీ. ఉంటుంది, కానీ కంపెనీ కంపెనీకీ తేడా వస్తుంది, అందుకే వెర్నియర్‌తో కొలిచాకే గీస్తాను.

జంగు శత్రువు:
తమ్మీ, గాడిలో పూత పోతుందన్న మాట నిజమే, ఒప్పుకుంటా. మందు మాత్రం తప్పు. మూత పెడితే నీళ్లు లోపలికి పోవని ఎవరు చెప్పారు? రింగుకీ మూతకీ మధ్య వెంట్రుకంత సందున్నా చాలు, నీళ్లు వాటంతట అవే లోపలికి పాకుతాయి. పోయేది తేలిక, ఆరేదే కష్టం, ఎందుకంటే లోపల గాలి ఆడదు. మూత లేని స్క్రూ వాన వెలిసిన గంటకు ఆరిపోతుంది, మూత కింద ఉన్నది రోజంతా తడిగానే ఉంటుంది.

స్టెయిన్‌లెస్ అయితే పర్వాలేదులే అంటారేమో, దానికి ఇంకా ఇబ్బంది. స్టెయిన్‌లెస్‌ను కాపాడేది పైన ఉండే సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొర, అది గీసుకుపోతే మళ్లీ కట్టుకోవాలంటే ఆక్సిజన్ కావాలి. ఇరుకు సందులో ఉప్పుతడి నిలిచి, గాలి అందకపోతే అక్కడే తినడం మొదలవుతుంది. ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఉన్నాను, పైన నిగనిగలాడుతూ క్లిప్పు తీయగానే కింద గుంతలు పడ్డ బోల్టులు ఎన్నో చూశాను. కాబట్టి బయట గేటుకు మూత వద్దు. బిగించిన తర్వాత గాడిలో జింక్ ప్రైమర్ ఒక చుక్క, దాని మీద గేటు రంగు ఒక చుక్క. అయిపోయింది.

మిర్యాలగూడ హార్డ్‌వేర్:
అమ్మేవాడిగా రెండు మాటలు. జనం అడిగేది మూడు రకాలు. ఒకటి స్టిక్కర్ బిళ్లలు, మైకా రంగుకు కలిసేవి, షీటు లెక్కన ఇస్తాం. రెండోది ప్లాస్టిక్ నొక్కుడు మూతలు. మూడోది అద్దం స్క్రూలు, అంటే స్క్రూ తల మధ్యలోనే మర ఉండి దాంట్లో క్రోమ్ బుడిపె తిరిగి కూర్చునేది. మూడింట్లో ఫిర్యాదు రానిది అద్దం స్క్రూ ఒక్కటే. అది మరతో పట్టుకుంటుంది, జిగురుతోనో నొక్కుడుతోనో కాదు.

ఇంకో సంగతి, “ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్) స్క్రూలు వేశాం, జంగు పట్టింది” అని వచ్చేవాళ్లను అడిగితే ఎక్కువగా తేలేది 202 గ్రేడ్. 304లో 18 శాతం దాకా క్రోమియం, 8 శాతం దాకా నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, జంగుకు అది 304 అంతగా ఆగదు. అయస్కాంతం తెచ్చి అంటించి చూసి “అంటలేదు, మంచిదే” అనుకుంటారు, రెండూ దాదాపు అంటవు, దాంతో ఏమీ తేలదు. మూత సంగతి తర్వాత, ముందు బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి.

గద్వాల అక్క:
స్టిక్కర్ల గురించి నేను చెప్తాను. పొయ్యి పక్క అల్మారాకు పెట్టించాం. ఆవిరి, నూనె జిడ్డు, రోజూ తడిబట్టతో తుడవడం, అంచు లేచి నల్లటి గీత పడుతుంది, తర్వాత గోరు తగిలితే ఊడి చేతికొస్తుంది. పడకగదిలో అదే స్టిక్కర్ చెక్కుచెదరలేదు. అంటే వస్తువులో కాదు, పెట్టిన చోట్లో ఉంది తేడా.

ప్రింటర్ తమ్ముడూ, పద్మాలు బాగానే ఉన్నాయి గానీ ఇంట్లో పాకే పిల్లలుంటే ఏం చేద్దాం? 8, 10 మి.మీ. బిళ్ల నేల మీద పడిందంటే నేరుగా నోట్లోకే. పిల్లల బొమ్మలకు ఒక పరీక్ష ఉంది, 31.7 మి.మీ. వ్యాసం ఉన్న గొట్టంలో పట్టే ముక్క మూడేళ్లలోపు పిల్లల బొమ్మలో ఉండకూడదు. నీ మూతలన్నీ అందులో పట్టేవే. కింది అరలకు, మంచం కోళ్లకు ఊడివచ్చేది ఏదీ పెట్టొద్దని నా మాట.

పాలమూరు ప్రింటర్:
అక్కా, ఆ మాట నిజం, నడుం కంటే కింద పెట్టను, పెట్టినా జిగురుతో. జంగు శత్రువు అన్న మాత్రం అన్ని మూతలనూ ఒకే గాటన కడుతున్నాడు. నీళ్లు నిలుస్తాయంటే కింది అంచుకు 2 మి.మీ. కన్నం పెడతాను, కారిపోతుంది, గాలీ ఆడుతుంది. డిజైన్ అంటే పద్మం రేకులు చెక్కడమే కాదు కదా!

రంధా చప్పుడు:
ముప్పై ఏళ్లుగా చెక్క పని, దేవరకొండ దగ్గర. టేకు తలుపు యజమానులు ప్లాస్టిక్ మీద ఇంత చర్చ పెడుతుంటే నవ్వొస్తోంది. టేకుకు టేకే మూత.

పద్ధతి చెప్తా వినండి. స్క్రూ పోయే చోట ముందు 10 మి.మీ. బిట్‌తో 7, 8 మి.మీ. లోతు గుంత తీయాలి. స్క్రూ దాని అడుగున కూర్చుంటుంది. అదే చెక్క తునక నుంచి బిళ్ల కట్టర్‌తో బిళ్ల తీయాలి, అడ్డంగా, అంటే చెక్క నార (చారలు) బిళ్ల ముఖం మీద పారాలి. చాలామంది గుండ్రటి కర్ర కోసి కొట్టేస్తారు, దాని ముఖం మీద నార కొసలుంటాయి, పాలిష్ ఎక్కువ తాగి నల్లటి చుక్కై కూర్చుంటుంది, వాకిట్లోంచే కనబడుతుంది. బిళ్ల నారను తలుపు నారతో కలిపి, పల్చగా ఫెవికాల్ పెట్టి, కొంచెం పైకి ఉండేలా కొట్టాలి. ఆరాక ఉలితో ఒకేసారి కాదు, ముందు పైపైన ఒక తునక లేపి చూడాలి, నార ఎటు దిగుతోందో తెలుస్తుంది. లోపలికి దిగుతుంటే అవతలి వైపు నుంచి రావాలి. లేదంటే బిళ్ల తలుపు మట్టం కంటే కిందికి చిట్లుతుంది, అప్పుడు లప్పం తప్ప దిక్కులేదు.

పానగల్లు పోరడు:
కాకా, బాగుంది. కానీ ఐదేళ్లకు తలుపు వంగి, స్క్రూ బిగించాల్సి వస్తే? బిళ్ల పగలగొట్టాలా?

రంధా చప్పుడు:
పగలగొట్టుడెందుకు. బిళ్ల మధ్యలో సన్నటి కన్నం వేసి, దాంట్లో ఒక చెక్క స్క్రూ తిప్పుకుంటూ పో. మొన కింద ఉన్న స్క్రూ తలకు తగిలి ఆగుతుంది, ఇంకా తిప్పితే బిళ్లే పైకి లేస్తుంది. తర్వాత కొత్త బిళ్ల. హింజులకు మాత్రం బిళ్ల కొట్టనే కొట్టను, అవి ఎప్పటికైనా విప్పాల్సినవే.

ఇత్తడి పట్టీలకు ఇత్తడి స్క్రూలే వాడు, తలలు బయటికే ఉండనీ. అక్కడ మీ నాయన మాటే కరెక్టు. కాకపోతే ఇత్తడి మెత్తన, గట్టి టేకులో నేరుగా తిప్పితే తల తెగి చేతికొస్తుంది. ముందు అదే సైజు ఇనుప స్క్రూ ఎక్కించి తీసేయి, మర పడుతుంది, తర్వాత ఇత్తడి స్క్రూకు మైనం రాసి తిప్పు.

జంగు శత్రువు:
కాకా చెప్పినదానికి ఇంకొకటి కలపండి. ఇత్తడి పట్టీకి ఇనుప స్క్రూ వేసి, తల కనబడొద్దని ఇత్తడి మూత పెడతారు కొందరు. తడి తగిలే చోట ఇత్తడి పక్కన ఇనుము తొందరగా తినుకుపోతుంది. మూత బంగారంలా మెరుస్తుంటుంది, లోపల స్క్రూ పొడి అవుతుంది. గడప దగ్గర రోజూ కడిగే ఇళ్లలో ఇది మామూలే.

నల్లగొండ బోరు నీళ్ల గురించి కూడా ఎవరో ఒకరు లేపుతారు, ముందే చెప్తున్నా. ఫ్లోరైడ్ వల్లే జంగు పడుతుందని మన దగ్గర ఒక నమ్మకం. జంగుకు ప్రధానంగా సాయం చేసేది నీళ్లలో కరిగిన క్లోరైడ్ లాంటి లవణాలు. ఆరాక మిగిలే తెల్లటి పొర కాల్షియం, మెగ్నీషియం సున్నం. అది మూత అంచులో పేరుకుంటే మీ 2 మి.మీ. కన్నం కూడా మూసుకుపోతుంది, ప్రింటర్ తమ్మీ.

పాలమూరు ప్రింటర్:
గేటును బోరు నీళ్లతో రోజూ ఎవరు కడుగుతారన్నా?

గద్వాల అక్క:
కడుగుతారు తమ్ముడూ. వాకిలి కడిగిన బకెట్‌లో మిగిలిన నీళ్లన్నీ పోయేది గేటు మీదికే.

మిర్యాలగూడ హార్డ్‌వేర్:
😀 నిజం. తమ్మీ, ఏ ప్లాస్టిక్ వాడుతున్నావో చెప్పలేదు. మే నెలలో నల్లగొండ ఎండలో నిలబడుతుందా?

పాలమూరు ప్రింటర్:
ఇంట్లోకైతే పీఎల్ఏ. బయట అది పనికిరాదు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. గాలే 44, 45 డిగ్రీలున్న రోజు నల్లరంగు గేటు ముట్టుకోలేం, అది 60 ఎప్పుడో దాటేసి ఉంటుంది, పద్మం కాస్తా వాడిపోయిన బంతిపువ్వు అవుతుంది. పీఈటీజీ 80 దాకా ఓర్చుకుంటుంది. ఏబీఎస్ వేడికి ఇంకా నయం, కానీ ఎండకు పచ్చబడి పెళుసవుతుంది. బయటికి ఏఎస్ఏ ఒక్కటే, ఎండకు తట్టుకునేలా చేసిందే అది. ఖర్చు ఎక్కువ, ప్రింట్ చేసేటప్పుడు వాసన కూడా.

పానగల్లు పోరడు:
అదీ సంగతి. మా బావమరిది పంపింది పీఎల్ఏ, గేటుకే అన్నాడు. సరే, రేకుల షెడ్డు గురించి ఎవరూ మాట్లాడలేదు. దానికి కూడా పైన ప్లాస్టిక్ టోపీలు అమ్ముతున్నారు.

మిర్యాలగూడ హార్డ్‌వేర్:
రేకుల స్క్రూకు అసలు రక్షణ తల కింద ఉంటుంది, మీద కాదు. ఈపీడీఎం రబ్బరు వాషర్ అని నల్లగా ఉంటుంది చూడండి, నీళ్లను ఆపేది అదే. మిషన్ పెట్టి బర్రున బిగించేస్తే రబ్బరు బయటికి పిండుకుని వచ్చి చిట్లుతుంది, వదులుగా వదిలితే కారుతుంది. లోహపు కప్పు అంచు దగ్గర రబ్బరు కొద్దిగా ఉబ్బి కనబడాలి, అంతే. ఇది సరిగ్గా ఉన్నచోట రంగు టోపీ పెట్టుకుంటే ఎండ నుంచి ఆ రబ్బరుకు కొంత నీడ, కాదనను. సరిగ్గా లేనిచోట టోపీ పెడితే ఏ స్క్రూ దగ్గర కారుతోందో కనిపెట్టలేక చస్తారు.

జంగు శత్రువు:
మూతల మీద నాకున్న కోపమంతా అదే. లోపల ఏం జరుగుతోందో కనబడనివ్వవు.

రంధా చప్పుడు:
అట్లయితే బిళ్లా కనబడనివ్వదు కదా, దాని మీద కోపం లేదేం?

జంగు శత్రువు:
కాకా, మీ బిళ్ల ఇంట్లో పొడి చెక్కలో, జిగురుతో మూసుకుపోయి ఉంది. నీడలో ఉన్న తలుపుకు నాకు అభ్యంతరం లేదు. అదే బిళ్లను వాన కొట్టే కిటికీకి కొట్టండి, చెక్క ఉబ్బి తగ్గి జిగురు వదిలి, లోపల ఇనుప స్క్రూ ఉంటే చుట్టూ నల్లమరక కడుతుంది. చెక్కలోని టానిన్, ఇనుము, తడి, మూడూ కలిస్తే ఆ నలుపు రంధాకు కూడా పోదు.

రంధా చప్పుడు:
వాన కొట్టే కిటికీకి ఇనుప స్క్రూ వేసేవాడు వడ్ల పని నేర్చినోడు కాదు. అక్కడ ఇత్తడే వేస్తాం.

సూర్యాపేట బండి:
మధ్యలో దూరుతున్నా. రక్షణ అంటే అందరూ జంగు గురించే మాట్లాడుతున్నారు, దొంగ సంగతి? కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి వస్తున్న హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు చూడండి, స్క్రూ బదులు ఒక్కసారి నొక్కితే మళ్లీ రాని లాక్ పెడతారు, తీయాలంటే విరగ్గొట్టాల్సిందే. గేటు మీద ఇత్తడి ప్లేటు, పేరు బోర్డు, సీసీ కెమెరా, వీటి స్క్రూలు బయటికి కనబడితే మామూలు స్క్రూడ్రైవర్‌తో రెండు నిమిషాల పని. అక్కడ మూత కావాలి, అదీ చేత్తో ఊడేది కాదు.

జంగు శత్రువు:
దానికి మూత ఎందుకు, మధ్యలో పుల్ల ఉండే టార్క్స్ (నక్షత్రం గాడి) తల స్క్రూ వేస్తే చాలదా? మామూలు బిట్ దూరదు. గాలీ ఆడుతుంది.

పాలమూరు ప్రింటర్:
అన్నా, మీరు ఎంత చెప్పినా నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోరు. ఒక పని చేద్దాం. పోరడు అన్న గేటు రెండు రెక్కలది కదా? ఒక రెక్కకు నా ఏఎస్ఏ మూతలు, కింద కన్నంతో. రెండో రెక్కకు మీ ప్రైమర్ చుక్క. వానాకాలం పోయాక విప్పి ఫోటోలు ఇక్కడే పెడదాం.

జంగు శత్రువు:
నాకు సమ్మతమే, షరతులున్నాయి. రెండు రెక్కలకూ ఒకే డబ్బాలోని స్క్రూలు, ఒకే మనిషి బిగించాలి. మూతల రెక్కలో సగం స్క్రూలకు మూత కింద కూడా ప్రైమర్ చుక్క పెట్టాలి, లేకపోతే గెలిచింది మూతో, ప్రైమరో తేలదు. విప్పేటప్పుడు గాడిలో బిట్ కూర్చుంటోందా లేదా చూడాలి, పైన రంగు మారిందా అని కాదు.

పానగల్లు పోరడు:
నా గేటు మీద మీ ఇద్దరి పోటీయా! సరే కానియ్యండి. కానీ గేటు పడమర ముఖం, కుడి రెక్క మీద వేపచెట్టు నీడ పడుతుంది, ఎడమ రెక్కకు సాయంత్రం దాకా ఎండే. ఏది ఎవరికి?

పాలమూరు ప్రింటర్:
ఎండ రెక్క నాకివ్వండి.

జంగు శత్రువు:
అట్ల కుదరదు. ఎండలో అయితే తొందరగా ఆరుతుంది, మూతకే లాభం. రెక్క రెక్కకు వద్దు, ఒక్కో రెక్కలో పై సగం నీకు, కింది సగం నాకు. బకెట్ నీళ్లు పడేది కింది సగం మీదే, అయినా నేను తీసుకుంటా.