నెల్లూరు దగ్గర పెన్నా ఒడ్డున, హైవే పక్కన తక్కువలో గది: ఎక్కడ దిగితే మంచిది?

బెజవాడ వాసి:
కార్తీకమాసంలో కార్లో తిరుపతి వెళ్తున్నాం. అమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. జొన్నవాడ కామాక్షితాయిని చూసి వెళ్దామని అమ్మ కోరిక. రాత్రికి హైవే పక్కన ఏదైనా లాడ్జిలో దిగి, తెల్లారగానే దర్శనం చేసుకుని బయల్దేరాలని ఆలోచన. పదిహేను వందల లోపు అయితే బాగుండు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ‘నది కనిపించే గది’ అని కొన్ని ఫొటోలు చూశాం, వాటికి రేటు ఎక్కువ. అటువైపు దిగినవాళ్లు చెప్పండి.

నెల్లూరు అబ్బాయి:
ముందు ఏ ఒడ్డున దిగాలో తేల్చుకోండి. నెల్లూరు ఊరు పెన్నాకు దక్షిణాన ఉంది, కోవూరు ఉత్తరాన. జొన్నవాడ కూడా ఉత్తరపు ఒడ్డే, బుచ్చిరెడ్డిపాళెం వైపు. మీరు పైనుంచి వస్తారు కాబట్టి కోవూరు దగ్గర ఆగితే, వంతెన దాటి ఊళ్లోకి పోయి పొద్దున్నే మళ్లీ వెనక్కి రావాల్సిన పని ఉండదు. రంగనాయకుల గుడి కూడా చూడాలంటే మాత్రం ఊళ్లోనే దిగండి, అది ఒడ్డునే ఉంది. నది కనిపిస్తుందని ఎక్కువ డబ్బులు పెట్టొద్దు. చీకటి పడ్డాక వచ్చి తెల్లారకముందే పోయేవాళ్లకు ఏం కనిపిస్తుంది?

లారీ అన్న:
నాకు ఆ రోడ్డు బాగా అలవాటు. గది రోడ్డు వైపు ఉందా, వెనక వైపు ఉందా అనేదే అసలు సంగతి. చెన్నై–కోల్‌కతా హైవే రాత్రి రెండింటికి కూడా ఆగదు. లాడ్జి ముందు లారీలు ఆపుకునే జాగా ఉంటే, ఒక్కో బండి బ్రేకు గాలి వదిలినప్పుడల్లా బుస్సుమంటుంది, పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. వెనక గది అడగండి, దొరక్కపోతే పక్క లాడ్జికి పోండి.

కోవూరు కోడలు:
అమ్మగారి కోసం కింది అంతస్తే తీసుకోండి. ‘లిఫ్ట్ ఉంది’ అంటారు, కరెంటు పోతే జనరేటర్ మీద లైటూ ఫ్యానూ తిరుగుతాయేమో గానీ లిఫ్ట్ పని చేస్తుందన్న నమ్మకం లేదు. కమోడ్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇక్కడ ఒకపక్క నది, ఇంకోపక్క వరి పొలాలు, సాయంత్రం అయ్యేసరికి దోమలు కమ్ముకుంటాయి. మేము దిగిన ఒక లాడ్జిలో కిటికీ మెష్ మూల చిరిగి ఉంటే, ఆ కంతలో న్యూస్‌పేపర్ ఉండచుట్టి కుక్కారు! సామాను దించకముందే కర్టెన్ పక్కకు జరిపి చూడండి. గీజర్ పొద్దున ఏ టైమ్‌కి వేస్తారో కూడా అడగండి. ఐదింటికి స్నానాలంటే బకెట్ నీళ్లు రాత్రే పట్టి పెట్టుకోవడం మేలు.

పెన్నా ఒడ్డు:
అందరూ దోమల గురించే చెప్తున్నారు, వరద మాట ఎవరూ ఎత్తలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు వానలూ తుపాన్లే. 2021 నవంబరులో కడప వైపు కుండపోత కురిసి, చెయ్యేరు మీది అన్నమయ్య డ్యామ్ తెగింది. ఆ నీళ్లన్నీ సోమశిల మీదుగా మా మీదికే వచ్చాయి. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాలూ దెబ్బతిన్నాయి. ఊళ్లో భగత్‌సింగ్ కాలనీ మునిగింది. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన వాన పడితే పెన్నా పొంగుతుంది. బయల్దేరే ముందు సోమశిల నుంచి ఎంత నీళ్లు వదులుతున్నారో వార్తల్లో చూడండి. ఎక్కువగా వదులుతుంటే ఒంగోలులోనో కావలిలోనో ఆగిపోండి. ఒడ్డు పక్క గది ఎంత చవకైనా ఆ రాత్రికి వద్దు.

నెల్లూరు అబ్బాయి:
ఆ మాట నిజం. ఇంకోటి, కార్తీక సోమవారం అయితే జొన్నవాడలో జనం బాగా ఉంటారు. గుడి దగ్గర నిద్ర చేసే ఆనవాయితీ కూడా ఉంది, అందుకని ఆ చుట్టుపక్కల గదులు ముందే నిండిపోతాయి. బిల్లు చూసుకోండి: 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రేటు గదులకు జీఎస్టీ 5 శాతమే, పాత 12 శాతం వేస్తే అడగండి.

బెజవాడ వాసి:
అందరికీ థ్యాంక్స్. వాన గురించి మేం అనుకోనే లేదు. కోవూరు వైపు ఒకచోట ఫోన్ చేశాను. కింది అంతస్తులో వెనక గది ఉందన్నారు, చెకౌట్ 24 గంటలట. కమోడ్ ఫొటో పంపుతామన్నారు.

కోవూరు కోడలు:
ఫొటో ఎప్పటిదో ఏమో! వీడియో కాల్‌లో చూపించమనండి. కుళాయి తిప్పి నీళ్లొస్తున్నాయో లేదో కూడా చూపించమనండి. అది చూశాకే అడ్వాన్స్ కట్టండి.